సీమ ఎండకు ఏ కుక్క? కప్పులు గెలిచిన జాతా, కుదురైన ఒళ్లా?

కర్నూలు వాళ్లు ఎక్కువగా హైదరాబాద్ నుంచి, అనంతపురం వాళ్లు బెంగళూరు నుంచి, కడప వాళ్లు చెన్నై లేదా తిరుపతి నుంచి జాతి కుక్కపిల్లల్ని తెచ్చుకుంటుంటారు. ముందు ఫోన్‌కు ఫొటోలు వస్తాయి. వాటి కింద షో క్వాలిటీ (డాగ్ షోకు తగినది), హెవీ బోన్ (లావు ఎముక), పంచ్ ఫేస్ (లోపలికి నొక్కినట్టున్న పొట్టి మూతి) అని రాసి ఉంటుంది. ఆ మాటలను బట్టే ధర పెరుగుతుంది. మే నెలలో 43 డిగ్రీల ఎండలో బతకాల్సిన కుక్కకు ఆ మూడూ మంచి గుణాలు కావని, చాలాసార్లు జబ్బులకు మూలం అవేనని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఎక్కువ డబ్బు పెడితే ఎక్కువ ఆరోగ్యం వస్తుందని నమ్మి కొన్నవాళ్లు, రెండేళ్లు తిరక్కుండానే ఊపిరాడని కుక్కను ఒళ్లో పెట్టుకుని పశువుల ఆసుపత్రి వరండాలో కూర్చుంటున్నారు. కుక్క బాధ ఒకటైతే, పిల్లల ఏడుపు ఇంకొకటి. కొనే ముందు ఒక గంట ఆలోచిస్తే ఇందులో చాలా భాగం తప్పుతుంది.

కప్పుకూ ఆరోగ్యానికీ ఎంత సంబంధం?

ప్రతి జాతికీ బ్రీడ్ స్టాండర్డ్ అని ఒకటి రాసి ఉంటుంది. తల ఎలా ఉండాలి, వీపు ఎలా సాగాలి, తోక ఎటు తిరగాలి, రంగు ఏది అని అందులో ఉంటుంది. డాగ్ షోలో జడ్జి కుక్కను ఆ రాతతో పోల్చి చూస్తాడు. నడక చూస్తాడు, పళ్లు చూస్తాడు. తుంటి ఎక్స్‌రే చూడడు, గుండె స్కాన్ చూడడు, రాత్రి నిద్రలో ఎలా ఊపిరి తీస్తుందో ఆయనకు తెలిసే వీలు లేదు. పొట్టి మూతి అని రాసి ఉన్నచోట అందరికంటే పొట్టి మూతి గెలుస్తుంది. గెలిచిన మగకుక్కతోనే అందరూ జత కట్టిస్తారు. తర్వాతి తరంలో మూతి ఇంకాస్త లోపలికి పోతుంది.

ఈ గొడవ బయటపడింది ఇంగ్లండులో. 2008 ఆగస్టులో బీబీసీ ఒక డాక్యుమెంటరీలో జాతి కుక్కల వంశపారంపర్య జబ్బులను చూపించింది. ప్రపంచంలో అతి పెద్ద డాగ్ షోల్లో ఒకటైన క్రఫ్ట్స్‌ను ప్రసారం చేయడం ఆ తర్వాతి ఏడాది నుంచి బీబీసీయే మానేసింది. 1873లో మొదలైన అక్కడి కెన్నెల్ క్లబ్ 2009 జనవరిలో బ్రీడ్ స్టాండర్డ్‌లను సవరించాల్సి వచ్చింది. 2012 క్రఫ్ట్స్‌లో, జబ్బులు ఎక్కువగా ఉన్న 15 జాతుల విజేతలను పశువైద్యులతో పరీక్ష చేయించారు. బుల్‌డాగ్, పెకినీస్, బాసెట్ హౌండ్ సహా ఆరు జాతుల విజేతలు ఆ పరీక్షలో తప్పాయి. జడ్జి దృష్టిలో తన జాతికి అన్నిటికన్నా మంచి నమూనా అనిపించిన కుక్క, డాక్టరు దృష్టిలో పాస్ కాలేదు. చాంపియన్ లైన్ అన్న మాట విన్నప్పుడల్లా ఇది గుర్తుంచుకోండి.

రెండో సంగతి మన ప్రాంతం వాళ్లకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు: మేనరికం. మేనమామ, మేనకోడలు పెళ్లి చేసుకుంటే పుట్టే బిడ్డకు రక్తసంబంధపు లెక్క, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే జన్యువు వచ్చే అవకాశం, 12.5 శాతం. పెద్దాసుపత్రిలో డాక్టర్లు మనల్ని మొదట అడిగే ప్రశ్నల్లో అదొకటి. కుక్కల్లో తాత, మనవరాలు జతకూ ఇంతే శాతం. తండ్రీ కూతురు, అన్నా చెల్లెలు జతకు 25 శాతం. దాన్ని లైన్ బ్రీడింగ్ అని గొప్పగా చెప్పి, తరం తర్వాత తరం చేసేవాళ్లున్నారు. లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2008లో లెక్క తీస్తే, బ్రిటన్‌లోని సుమారు పది వేల పగ్‌లలో ఉన్న జన్యు వైవిధ్యం ఓ యాభై కుక్కల్లో ఉండేంతేనని తేలింది.

మన దగ్గర ముందు చూడాల్సినవి

అన్నిటికన్నా ముందు శ్వాస. మనిషికి ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు అరికాళ్లలో మాత్రమే కాస్త పడుతుంది. అది చల్లబడేది నాలుక చాపి వగర్చడం వల్ల, పొడవైన ముక్కులోని తడి పొరల మీదుగా గాలి పోవడం వల్ల. ముక్కు పొడవు తగ్గితే ఈ చల్లబడే యంత్రమే చిన్నదవుతుంది. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 105 దాటితే ప్రాణానికే ప్రమాదం. రేకుల ఇంట్లో, మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు, ఆ మధ్య ఉన్న రెండున్నర డిగ్రీలు దాటడానికి ఎంతోసేపు పట్టదు.

తర్వాత వెన్ను, తుంటి. ఇప్పటి ఇళ్లలో నున్నటి టైల్స్ వేస్తున్నారు. ఎదిగే పిల్లకు వాటి మీద కాళ్లు జారుతుంటాయి. తుంటి కీలు వదులుగా ఉన్న జాతికి అది రోజూ జరిగే నష్టం. పాత ఇళ్లలో పాలిష్ లేని కడప బండలు, బేతంచెర్ల బండలు కుక్కలకు నిజంగా మేలు: చల్లగా ఉంటాయి, పట్టు దొరుకుతుంది. మిద్దె మెట్లు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇక బొచ్చు, చర్మం, గోమార్లు. మనకు దాదాపు ఏడాది పొడవునా గోమార్లుంటాయి, వాటితో టిక్ ఫీవర్ వస్తుంది. దట్టమైన బొచ్చులో అవి కనపడవు.

చివరగా డాక్టరు ఎంత దూరం అన్నది. ప్రొద్దుటూరులో, తిరుపతిలో వెటర్నరీ కాలేజీలున్నాయి. కాని వెన్ను ఆపరేషన్, గుండె స్కాన్ లాంటివి కావాలంటే సాధారణంగా పెద్ద నగరానికి పోవాల్సిందే. కారు లేని ఇంటికి, రెక్కాడితే గాని డొక్కాడని ఇంటికి, ఇది చిన్న విషయం కాదు.

పగ్, షిజు, ఫ్రెంచ్ బుల్‌డాగ్

హచ్ ప్రకటన వచ్చి ఇరవై ఏళ్లు దాటినా పగ్‌ను ఇప్పటికీ హచ్ కుక్క, వొడాఫోన్ కుక్క అనే అడుగుతారు. మనిషికి బాగా అతుక్కుంటుంది, చిన్న ఇంట్లో ఇముడుతుంది, పిల్లల మీదికి పోదు. ఆ స్వభావంలో లోటు లేదు. లోటంతా తలలో ఉంది.

మూతి ఎముక పొట్టిదైనా లోపలి మాంసం పొట్టిది కాలేదు. మెత్తటి అంగిలి పొడవుగా ఉండి శ్వాసనాళానికి అడ్డం పడుతుంది. ముక్కుపుటాలు గీతల్లా మూసుకుపోయి ఉంటాయి. ఆ గురక ముద్దుగా ఉందని వీడియోలు తీస్తారు గాని, అది గాలి కోసం పడే పాటు. కళ్లు బయటికి పొడుచుకొచ్చి ఉండటం వల్ల కనుగుడ్డు మీద పుండ్లు పడతాయి. ముఖం ముడతల్లో చెమ్మ నిలిచి చర్మం పాచిపోతుంది. వెన్నుపూసలు వంకరగా ఏర్పడటం కూడా ఈ జాతిలో మామూలే. లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్లు 2022లో ఆరోగ్యం విషయంలో పగ్‌ను ఇక మామూలు కుక్కల్లో ఒకటిగా చూడలేమని రాశారు. నెదర్లాండ్స్‌లో మూతి పొడవు తల పొడవులో మూడో వంతుకన్నా తక్కువున్న కుక్కలకు జత కట్టించడమే నిషేధం.

చల్లటి దేశాల్లోనే ఇంత గొడవ జరుగుతుంటే, నంద్యాల, కర్నూలు, కడప ఎండల సంగతి ఏం చెప్పాలి? రోజంతా ఏసీ, కరెంటు పోతే ఇన్వర్టర్, ఎప్పుడూ ఇంట్లో ఒక మనిషి ఉన్నవాళ్లకు తప్ప పగ్, షిజు, ఫ్రెంచ్ బుల్‌డాగ్ మూడింటినీ నేను ఎవరికీ సలహా ఇవ్వను. వాళ్లకైనా కొత్తగా కొనమని చెప్పను. ఎవరైనా వదిలేసిన పగ్ ఉంటే తెచ్చుకుని సాకండి, అది పుణ్యం. పంచ్ ఫేస్‌కు మనం డబ్బులిచ్చినన్నాళ్లూ వాటిని పుట్టిస్తూనే ఉంటారు.

జర్మన్ షెపర్డ్

అల్సేషియన్ అని మన పెద్దవాళ్లు పిలిచే కుక్క. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే సైనికాధికారి గొర్రెల కాపలా కుక్కల నుంచి దీన్ని తయారు చేశాడు. రోజంతా మంద చుట్టూ తిరగగల ఒళ్లు, మాట వినే బుర్ర, ఆయనకు కావాల్సింది ఈ రెండే. పాత ఫొటోల్లో దీని వీపు దాదాపు తిన్నగా ఉంటుంది. షోల కోసం పెంచిన వాటిలో వీపు వెనక్కి జారి, వెనక కాళ్లు ముడుచుకున్నట్టు కనిపిస్తాయి. 2016 క్రఫ్ట్స్‌లో గెలిచిన జర్మన్ షెపర్డ్ నడక టీవీలో చూసి జనం మండిపడ్డారు.

ఈ జాతిలో తుంటి, మోచేతి కీళ్ల లోపం ప్రధానం. పెద్ద వయసులో వెన్నుపాము క్షీణించి వెనక కాళ్లు పడిపోయే జబ్బు ఉంది. క్లోమం సరిగా పనిచేయక ఎంత తిన్నా చిక్కిపోయే జబ్బూ ఉంది; విరేచనాలు ఆగకుండా బక్కపడిపోతున్న షెపర్డ్‌కు నట్టల మందు వేస్తూ కూర్చోకుండా ఆ పరీక్ష అడగండి. టిక్ ఫీవర్ ఈ జాతికి మిగతావాటి కన్నా తీవ్రంగా వస్తుంది కాబట్టి సీమలో షెపర్డ్‌ను పెంచేవాళ్లు గోమార్ల మందు ఒక్క నెల కూడా మరవకూడదు.

అయినా నేను దీన్ని పూర్తిగా కొట్టేయను. పొడవు మూతి ఉంది, శ్వాస బాగుంటుంది. తిన్నటి వీపున్న, పోలీసు పనికి వాడే రకం తల్లిదండ్రుల పిల్ల దొరికి, తుంటి ఎక్స్‌రేలు చూపిస్తే, పొద్దునా సాయంత్రం నడిపించే ఓపిక మీకుంటే మంచి కుక్కే.

ల్యాబ్రడార్

పిల్లలున్న ఇళ్లు ఎక్కువగా దీనికే మొగ్గు చూపుతాయి, అందులో తప్పు లేదు. జాతి కుక్కల్లో ఎండకు కాస్తయినా ఓర్చుకునే మధ్యరకం ఒళ్లు దీనిది. దీని కష్టం కడుపు దగ్గర మొదలవుతుంది. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ల్యాబ్‌లలో దాదాపు నాలుగో వంతుకు ఒక జన్యు లోపం ఉందని కనుగొన్నారు. అది ఉన్న కుక్కకు కడుపు నిండిందన్న తెలివి సరిగా రాదు. దానికి మనింటి ప్రేమ తోడైతే, అంటే పొద్దున బిస్కెట్లు, మధ్యాహ్నం నెయ్యన్నం, రాత్రి చికెన్ అయితే, మూడేళ్లకే పీపాలా తయారవుతుంది. ఆ బరువు పడేది ముందే బలహీనంగా ఉన్న తుంటి మీద. హెవీ బోన్ అని అమ్మే షో రకం ల్యాబ్ ఇంకా బరువు. సన్నటి, చురుకైన తల్లిదండ్రుల పిల్లను ఎంచుకోండి. వేలితో తడిమితే పక్కటెముకలు తెలియాలి. కనపడక్కర్లేదు, తెలిస్తే చాలు.

గోల్డెన్ రిట్రీవర్‌కు ఇవే కీళ్ల బాధలు, దానికి తోడు మోయలేని బొచ్చు, క్యాన్సర్ల భయం. హస్కీ, సెయింట్ బెర్నార్డ్ మంచు ప్రాంతాల కోసం పుట్టినవి. అనంతపురంలో వాటిని పెంచడం హింస, ఇంతకన్నా మెత్తగా చెప్పలేను.

డాక్స్‌హండ్, పమేరియన్, డాబర్‌మన్

డాక్స్‌హండ్‌కు పొట్టికాళ్లు, పొడుగు వీపు. ఆ పొట్టికాళ్లను ఇచ్చే జన్యువే వెన్నుపూసల మధ్య మెత్తలను చిన్న వయసులోనే గట్టిపరుస్తుంది. సుమారు నాలుగైదు కుక్కల్లో ఒకదానికి వెన్ను బాధ వస్తుంది. ఒకరోజు సోఫా దిగబోయి వెనక కాళ్లు పడిపోవచ్చు. మెట్లు లేని, కింది అంతస్తు ఇల్లయితేనే ఆలోచించండి.

మనం పమేరియన్ అనే బొచ్చు కుక్క చాలామటుకు ఇండియన్ స్పిట్జ్. తరాలుగా మన వాతావరణంలోనే పెరిగింది, మూతి సరిపడా పొడవుంది. పళ్లు తొందరగా పాడవుతాయి, మోకాలి చిప్ప జారుతుంది, పెద్దయ్యాక గుండె కవాటం జబ్బు రావచ్చు. చిన్న ఇల్లు, పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇల్లు అయితే పగ్ బదులు దీన్నే చూడమంటాను. టెడ్డీ ఫేస్ అని మూతి పొట్టిగా చేసి అమ్మే కొత్తరకం జోలికి మాత్రం పోకండి.

డాబర్‌మన్‌కు పొట్టి బొచ్చు, పొడుగు మూతి, చూడటానికి ఎండకు తగిన ఒళ్లే. కాని గుండె కండరం పలచబడే జబ్బు ఈ జాతిని పట్టి పీడిస్తోంది. యూరప్‌లో చేసిన ఒక పెద్ద అధ్యయనంలో సగానికి పైగా కుక్కలకు అది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చింది. బాగా తిరుగుతున్న ఐదారేళ్ల కుక్క ఒక్కసారిగా కూలిపోతుంది. ఏటా గుండె పరీక్ష చేయించలేనివాళ్లు వద్దనుకోవడమే మంచిది.

ముధోల్, రాజపాళయం, చిప్పిపరై

2005లో తపాలా శాఖ మన దేశపు కుక్కల మీద స్టాంపులు వేసినప్పుడు ముధోల్, రాజపాళయం కూడా వాటిలో ఉన్నాయి. ముధోల్ మన పక్క రాష్ట్రం కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లాది, రాజపాళయం, చిప్పిపరై తమిళనాడువి. పొట్టి బొచ్చు, లోతైన ఛాతీ, పొడవు మూతి: మెట్ట భూముల్లో పరిగెత్తడానికి తయారైన ఒళ్లు. తుంటి బాధలు తక్కువ.

ఇబ్బందులు వేరే ఉన్నాయి. ఇవి పరిగెత్తాల్సిన కుక్కలు. అపార్ట్‌మెంట్‌లో గొలుసుకు కట్టేస్తే పిచ్చెక్కినట్టవుతాయి. గొర్రె, మేక, పిల్లి, కోడి ఏది కదిలినా వెంటపడతాయి, దాంతో పక్క చేను వాళ్లతో తగాదా. వీటితో కుందేళ్ల వేటకు పోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఒంట్లో కొవ్వు తక్కువ కాబట్టి ఆపరేషన్ చేయించాల్సి వస్తే ఇది సైట్‌హౌండ్ (చూపుతో వేటాడే సన్నటి జాతి) అని మత్తు ఇచ్చే ముందే డాక్టరుకు గుర్తు చేయండి.

ఒక హెచ్చరిక. ఇప్పుడు వీటికీ షోలున్నాయి, వీటికీ ధరలు పెరిగాయి. రాజపాళయం మచ్చ లేని తెలుపుతో, గులాబీ ముక్కుతో ఉండాలని అందరూ పట్టుబడుతున్నారు. రంగు కణాలు అంతగా లేకపోవడానికీ పుట్టుకతో వచ్చే చెవుడుకూ సంబంధం ఉంది. పిల్ల వేరేవైపు చూస్తున్నప్పుడు వెనక నుంచి చప్పట్లు కొట్టి చూడండి, తోబుట్టువులను దూరం పెట్టి చూడండి, లేకపోతే వాటిని చూసి ఇదీ తిరుగుతుంది. ఇంగ్లండు బుల్‌డాగ్‌కు చేసిందే మనం మన కుక్కలకు చేసుకోకూడదని నా తాపత్రయం.

నాటు కుక్క

నాటు కుక్క ఏ స్టాండర్డ్ చూసీ తయారైంది కాదు. ఎండ, ఆకలి, రోగం తట్టుకున్నదే పిల్లల్ని పెట్టింది. అందుకే ఒళ్లు కుదురుగా ఉంటుంది: మధ్యరకం మూతి, పొట్టి బొచ్చు, నిక్కిన చెవులు, తిన్నటి వీపు. సంగటి, మజ్జిగన్నం, ఒక గుడ్డు పెట్టినా ఆరోగ్యంగా పెరుగుతుంది. కొల్లేరు వైపు బాతుల మందలు కాసే జోనంగి కూడా మన తెలుగు నేల కుక్కే, వెంట్రుక అతి పొట్టిగా ఉంటుంది, దొరికితే అదృష్టమే.

దీనికి జబ్బులే రావని అనుకోవద్దు. పార్వో, డిస్టెంపర్, టిక్ ఫీవర్ దీన్నీ చంపుతాయి. వీధి నుంచి తెచ్చిన రోజే డాక్టరుకు చూపించాలి, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకాలు మొదలుపెట్టాలి, మూడో నెలలో రేబిస్ టీకా వేయించాలి, ఏటా మళ్లీ. కొత్తవాళ్లను తొందరగా నమ్మదు. చిన్నప్పటి నుంచే మనుషులకు అలవాటు చేస్తే ఆ జంకు తగ్గుతుంది.

| కుక్క | ఎండలో శ్వాస | వెన్ను, కీళ్లు | ప్రధాన భయం | ఎవరికి |
|---|---|---|---|---|
| పగ్, షిజు, ఫ్రెంచ్ బుల్‌డాగ్ | చాలా కష్టం | వెన్ను లోపాలు | ఊపిరి, కళ్లు | కొనవద్దు. వదిలేసినదైతే సాకండి |
| జర్మన్ షెపర్డ్ | పరవాలేదు, బొచ్చు బరువు | తుంటి బలహీనం | టిక్ ఫీవర్, క్లోమం | రోజూ నడిపించే అనుభవజ్ఞులు |
| ల్యాబ్రడార్ | పరవాలేదు | తుంటి, మోచేయి | ఊబకాయం | పిల్లలున్న ఇల్లు, తిండి అదుపు ఉంటే |
| డాక్స్‌హండ్ | పరవాలేదు | వెన్ను ప్రమాదం | కాళ్లు పడిపోవడం | మెట్లు లేని ఇల్లు |
| ఇండియన్ స్పిట్జ్ | బాగానే | మోకాలి చిప్ప | పళ్లు | చిన్న ఇల్లు, పెద్దవాళ్లు |
| డాబర్‌మన్ | బాగు | బాగానే | గుండె | ఏటా పరీక్ష చేయించగలవాళ్లు |
| ముధోల్ తదితరాలు | చాలా బాగు | బాగు | వెంటపడే గుణం, రాజపాళయంలో చెవుడు | కంచె ఉన్న తోట |
| నాటు కుక్క | చాలా బాగు | చాలా బాగు | టీకా వేయకపోతే అంటురోగాలు | దాదాపు అందరికీ |

వేరుశనగ చేనుకు కాపలా కావాలంటే రెండు తోబుట్టువు నాటు కుక్కలు ఒక్క రాట్‌వీలర్ కన్నా మేలు. అడవి పందుల అలికిడికి ముందే మొరుగుతాయి, మధ్యాహ్నం చెట్టునీడ చాలు. టౌనులో పిల్లలున్న ఇంటికి నాటు కుక్కపిల్ల లేదా సన్నటి ల్యాబ్. పిల్లలు బెంగళూరులో, అమెరికాలో ఉండి అమ్మానాన్నలే ఉన్న ఇంటికి స్పిట్జ్, లేదా ఇప్పటికే నెమ్మది గుణం తెలిసిన మూడు నాలుగేళ్ల నాటు కుక్క. ముసలివాళ్ల చేతికి షెపర్డ్ పిల్లనివ్వకండి, అది లాగితే పడిపోయేది వాళ్లు.

జాతి కుక్కే కావాలనుకుంటే

2017 కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదై ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. బస్సులో అట్టపెట్టెలో పంపిస్తామన్న చోట కొనకండి, మీరే వెళ్లండి. తల్లిని చూడాలనండి. వీలైతే తండ్రిని కూడా. వాటిని పది నిమిషాలు నడిపించమని అడిగి, ఆగాక ఊపిరి చప్పుడు వినండి. లేచేటప్పుడు వెనక కాళ్లు ఎలా పెడుతున్నాయో చూడండి. పెద్ద జాతులకు తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే, డాబర్‌మన్‌కు గుండె స్కాన్ కాగితం అడగండి. అవెందుకు సార్ అన్నారంటే లేచి వచ్చేయండి.

కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) సర్టిఫికెట్ పుట్టుకను చెబుతుంది, ఆరోగ్యాన్ని చెప్పదు. అయినా దాన్ని పక్కన పడేయకండి, అందులో తాతముత్తాతల పేర్లుంటాయి. ఒకే పేరు తండ్రి వైపు, తల్లి వైపు కూడా కనిపిస్తే అది మేనరికమే. ఆ పేరు ముందు చాంపియన్ అని ఎన్నిసార్లు రాసి ఉన్నా సరే.

ఇంట్లో ఇప్పటికే పగ్ ఉంటే

బాధపడుతూ కూర్చోవద్దు, చేయగలిగింది చాలా ఉంది. అన్నిటికన్నా ముందు బరువు తగ్గించండి, ఒక్క కిలో తగ్గినా ఊపిరిలో తేడా తెలుస్తుంది. మెడ పట్టీ తీసేసి ఛాతీకి వేసే హార్నెస్ కొనండి. ఎండాకాలం నడక పొద్దున ఆరింటికి ముందు, మళ్లీ రాత్రి బండలు చల్లబడ్డాకే. ముఖం ముడతలు రోజూ తుడిచి పొడిగా ఉంచండి. కన్ను ఎర్రబడితే మరుసటి రోజు దాకా ఆగకండి. ముక్కుపుటాలను వెడల్పు చేసే ఆపరేషన్ ఉంది, అంగిలిని కత్తిరించేదీ ఉంది. చిన్న వయసులో చేయిస్తే ఎక్కువ ఫలితం ఉంటుంది, మీ డాక్టరును అడగండి. దానితో పిల్లల్ని పెట్టించవద్దు.

వగర్పు ఆగకుండా, చిక్కటి చొల్లు కారుస్తూ, చిగుళ్లు ముదురు ఎరుపెక్కి, తూలుతుంటే అది వడదెబ్బ. ఆటో కోసం పరిగెత్తే ముందే ఒళ్లంతా చల్లటి నీళ్లు పోయండి, ఫ్యాను కింద పెట్టండి. తడిగుడ్డ కప్పి వదిలేయకండి, కాసేపటికి ఆ గుడ్డే వేడెక్కి లోపలి వేడిని బయటికి పోనివ్వదు. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి. దారి పొడుగునా తడుపుతూ, కిటికీలు తెరిచి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. దారిలో తేరుకున్నట్టు కనిపించినా వెనక్కి తిరగకండి, మూత్రపిండాలకు, రక్తానికి జరిగిన నష్టం ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది.